6 వోల్టులా, 12 వోల్టులా? పాత ఫోర్డ్ 8ఎన్ ట్రాక్టర్ వైరింగ్‌ను గుర్తించి మార్చే పద్ధతి

అమెరికాలో పాత ట్రాక్టర్ వెతుక్కుంటే తేలిగ్గా తగిలే బండి ఫోర్డ్ 8ఎన్. 1947 నుంచి 1952 దాకా మిచిగన్ రాష్ట్రంలోని హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో 5 లక్షలకు పైగా తయారయ్యాయి. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, బూడిదరంగు రేకులు, ఎర్రటి ఒళ్లు. ఊరి బయట అయిదో పదో ఎకరాలు కొన్నవాళ్లు గడ్డి కోతకో, మంచు తోయడానికో దీన్నే ఇంటికి తెచ్చుకుంటారు.

ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు దీనిది 6 వోల్టుల వ్యవస్థ, పైగా పాజిటివ్ ఎర్త్. అంటే బ్యాటరీ ప్లస్ బాడీకి ఉంటుంది. మన ఊళ్లలో మైనస్‌ని బాడీకి కట్టడం అలవాటైన చేత్తో ఈ బండికి కొత్త బ్యాటరీ బిగిస్తే డైనమో ఒక పక్కకూ బ్యాటరీ ఇంకో పక్కకూ లాగుతాయి. దాంతో కటౌట్ (డైనమోకూ బ్యాటరీకీ మధ్య చార్జింగును కలిపి, తెంచే పెట్టె) పాయింట్లు మాడి అతుక్కుపోతాయి. అందుకే పానా పట్టే ముందు మల్టీమీటరు పట్టాలి. డెబ్బై ఏళ్లలో ఈ బండి ఎన్ని చేతులు మారిందో, ఏ చెయ్యి ఏం మార్చిందో పుస్తకం చెప్పదు. బండిని కొలిస్తేనే తెలుస్తుంది.

అసలు మార్చాలా?

ఎక్కువమంది చెప్పే కారణం ఒకటే: సెల్ఫ్ నీరసంగా తిరుగుతోంది. చాలాసార్లు తప్పు 6 వోల్టులది కాదు, కేబుళ్లది. అదే పని సగం వోల్టేజీతో చేయాలంటే రెట్టింపు కరెంటు కావాలి. కాబట్టి కేబుల్లో పోయే వోల్టేజీ కూడా రెట్టింపవుతుంది. ఉన్నదే 6 గనుక ఆ నష్టం శాతంలో చూస్తే నాలుగు రెట్లు. కార్లకు అమ్మే సన్నటి 12 వోల్టుల కేబుల్ ఈ బండికి తగిలిస్తే సెల్ఫ్ మూలుగుతుంది.

ముందు ఈ పరీక్ష చేయండి. కాయిల్ (ప్లగ్గులకు స్పార్కు పుట్టించేది) కరెంటు వైరు తీసేసి, ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు మీటరు పెట్టాలి. బ్యాటరీ ప్లస్ పోస్టుకీ ఇంజను బ్లాకుకీ మధ్య, తర్వాత బ్యాటరీ మైనస్ పోస్టుకీ సెల్ఫ్ మోటారు బోల్టుకీ మధ్య కొలవండి. ఎర్త్ వైపు 0.2 వోల్టు మించితే ఆ కేబుల్ గానీ, దాని రెండు కొనలు గానీ బాగాలేవు. రెండో వైపు సోలినాయిడ్ (సెల్ఫ్‌కి కరెంటు కలిపే పెద్ద స్విచ్చి) కూడా మధ్యలో ఉంటుంది కాబట్టి 0.4 దాకా సర్దుకోవచ్చు. అదే సమయంలో బ్యాటరీ పోస్టుల మీద వోల్టేజీ 4.8 కంటే దిగిపోతే బ్యాటరీయే పోయిందని అర్థం. 50 చదరపు మి.మీ. లేదా అంతకంటే లావు రాగి కేబుళ్లు వేసి, బాడీకి బిగించే చోట రంగు గీకి మెరిసే ఇనుము తేలేదాకా రుద్దితే, మంచి ఇంజను 6 వోల్టులతోనే చక్కగా అందుకుంటుంది. బండి ఫ్యాక్టరీ నాటి రూపంలో ఉంటే అలాగే ఉంచడం మంచిది.

మార్చడానికి సరైన కారణాలూ ఉన్నాయి. డైనమో పూర్తిగా పోవడం, రాత్రి పనికి మంచి లైట్లు కావాల్సిరావడం, స్ప్రేయరు పంపు లాంటి 12 వోల్టుల సామాను నడపాల్సిరావడం, 6 వోల్టుల బ్యాటరీ దగ్గర్లో దొరక్కపోవడం. వీటిలో ఏదో ఒకటి మీకుంటే ముందుకు వెళ్లండి.

ఇప్పుడు బండిలో ఏముంది?

బ్యాటరీ మూతలు లెక్కపెట్టండి. మూడుంటే 6 వోల్టులు, ఆరుంటే 12. నాలుగుంటే అది 8 వోల్టుల బ్యాటరీ. సెల్ఫ్ గట్టిగా తిరగాలని కొందరు దాన్ని 6 వోల్టుల బండిలో పెట్టేవారు. ఆ బండిలో కటౌట్ సెట్టింగు కూడా పెంచి ఉంటుంది, లేదంటే బ్యాటరీ ఎప్పుడూ సగమే చార్జవుతుంది. మూతలు కనిపించని బ్యాటరీ అయితే మీటరే దిక్కు. నిండా చార్జయి కాసేపు ఊరుకున్న 6 వోల్టుల బ్యాటరీ 6.3 నుంచి 6.4 చూపిస్తుంది, 12 వోల్టులది 12.6 నుంచి 12.8, 8 వోల్టులది 8.4 దగ్గర.

తర్వాత ఎర్త్ ఏదో చూడండి. కేబుల్ రంగును నమ్మొద్దు, ఎర్రటేపు ఎవరైనా చుట్టగలరు. పోస్టు మందం చూడండి: ప్లస్ పోస్టు ఎప్పుడూ లావు, పైన 17.5 మి.మీ. ఉంటుంది, మైనస్ 15.9 మి.మీ. మీటరు ఎర్ర ప్రోబును ఒక పోస్టుకు, నల్ల ప్రోబును ఇంకో పోస్టుకు పెట్టినప్పుడు అంకె ముందు మైనస్ గుర్తు రాకపోతే ఎర్రది ఆనించిన పోస్టే ప్లస్. ఆ పోస్టు నుంచి కేబుల్ బాడీకి వెళ్తే పాజిటివ్ ఎర్త్.

ఇంజను నడుస్తుండగా కూడా కొలవండి. 7.0 నుంచి 7.4 ఉంటే 6 వోల్టుల చార్జింగు బాగున్నట్టే. 13.8 నుంచి 14.5 ఉంటే ముందే ఎవరో 12కి మార్చారు. ఇంజను ఆపినప్పటి అంకెకీ, నడిచేటప్పటి అంకెకీ తేడా లేకపోతే చార్జింగు లేదు.

ఇక సగంలో ఆగిన మార్పులు. ఇవే ఎక్కువ నష్టం చేస్తాయి. 12 వోల్టుల బ్యాటరీ పెట్టి, 6 వోల్టుల డైనమో అలాగే వదిలేసి, రోజూ బయట చార్జరుతో నింపుకునే బళ్లుంటాయి. బల్బుల ఇత్తడి మూతి మీద వోల్టేజీ చెక్కి ఉంటుంది, విప్పి చదవండి. కాయిల్ మీద చీటీ ఉంటే చూడండి, లేకపోతే వైర్లు తీసి ప్రైమరీ రెసిస్టెన్సు కొలవండి. గుండ్రటి కాయిల్ అయితే 1.5 ఓం దగ్గరుంటే 6 వోల్టులది, లేదా బయట రెసిస్టరుతో వాడే 12 వోల్టులది. 3 ఓం దగ్గరుంటే నేరుగా 12కి పనికొచ్చేది. ముందుగా మీటరు రెండు ప్రోబులు కలిపి పట్టుకుని ఎంత చూపిస్తుందో చూసి (సాధారణంగా 0.2, 0.3) దాన్ని తీసేయండి. ఇంత చిన్న కొలతలో ఆ తేడానే మోసం చేస్తుంది.

స్పార్కును ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటరు ఎక్కడుందో కూడా ఇప్పుడే చూసుకోవాలి. సీరియల్ నంబరు 263843 దాకా ఇంజను ముందు, ఫ్యాను వెనక ఉంటుంది. దాని నెత్తినే నలుచదరపు కాయిల్ కూర్చుంటుంది. 263844 నుంచి ఇంజను పక్కన, గుండ్రటి కాయిల్‌తో. నంబరు బ్లాకు ఎడమ పక్క, హెడ్డు కింద, ఆయిల్ ఫిల్టరు వెనక చెక్కి ఉంటుంది. ఇంజను మారిన బళ్లూ ఉంటాయి గనుక నంబరు కంటే కంటికి కనబడేదే ప్రమాణం.

ఒక హెచ్చరిక: పాజిటివ్ ఎర్త్ ట్రాక్టరుకు కారు నుంచి బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేయాలని చూడొద్దు. వోల్టేజీ తేడా సంగతి అలా ఉంచి, రెండు బళ్ల బాడీలు తగిలితే నేరుగా షార్టే.

కావలసిన సామాను

12 వోల్టుల బ్యాటరీ. కొనే ముందు ట్రే పొడవు, వెడల్పుతో పాటు పైన రేకుకు ఉన్న ఎత్తూ కొలవండి. ఈ బండిలో బ్యాటరీ పెట్రోలు ట్యాంకు వెనకే, మూత తలుపు కింద ఉంటుంది. ఒక అంగుళం ఎత్తు ఎక్కువైనా పోస్టు వెళ్లి రేకుకు తగులుతుంది. పెట్రోలు పక్కన నిప్పురవ్వ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఆల్టర్నేటరు, అంటే డైనమో బదులు బ్యాటరీని చార్జి చేసేది. డెల్కో 10ఎస్‌ఐ రకం, మూడు వైర్లది తీసుకోండి. ఒక వైరుతో పనిచేసేది బిగించడానికి తేలికే. కానీ అది తనంతట తాను మేల్కోవాలంటే వేగం కావాలి, ఈ ఇంజను నెమ్మదిగా తిరిగేది. స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఒకసారి రేజ్ చేస్తే గానీ చార్జింగు మొదలు కాదు. దాంతోపాటు ఈ బండి కోసమే చేసిన బిగింపు క్లాంపు, పాత బెల్టు వెడల్పుకు సరిపోయే పుల్లీ.

ఇవి కాక: కాయిల్ లేదా రెసిస్టరు, 12 వోల్టుల సోలినాయిడ్, 60-0-60 ఆమ్మీటరు (బ్యాటరీలోకి వచ్చే, పోయే కరెంటు చూపేది), అన్ని బల్బులు, ఒక 3 ఆంపియర్ల డయోడు (కరెంటును ఒకే వైపు పోనిచ్చేది), 10 చదరపు మి.మీ. వైరు ఒకటిన్నర మీటరు, 2.5 చదరపు మి.మీ. వైరు మూడు మీటర్లు, ఆల్టర్నేటరు రేటింగుకు కాస్త పైన ఉండే ఫ్యూజు, లగ్గులు, వేడికి ముడుచుకునే స్లీవు, మైనస్ పోస్టుకు సరిపోయే కొత్త ఎర్త్ కేబుల్.

పని మొదలు

1. ముందు ఎర్త్ కేబుల్ విప్పండి. ఈ బండిలో అది ప్లస్. రెండోది ముందు విప్పితే పానా బాడీకి తగిలి మెరుస్తుంది. బ్యాటరీ బయట పెట్టేశాక, ఉన్న వైర్లన్నిటికీ కాగితం టేపు చుట్టి ఎక్కడి నుంచి ఎక్కడికో రాయండి. ఫోటోలు తీసినా సరే, టేపు మీద రాయండి. జిడ్డు పట్టిన డెబ్బై ఏళ్ల వైర్లన్నీ ఫోటోలో ఒకే రంగులో ఉంటాయి.

2. డైనమో, కటౌట్ తీసేయండి. డైనమో నుంచి కటౌట్‌కి వెళ్లే రెండు వైర్లనూ మొత్తం లాగేయండి, కొనలకు టేపు చుట్టి వదలొద్దు. 1950 తర్వాతి బళ్లలో ఇంజను వేగం, గంటలు చూపించే ప్రూఫ్‌మీటరు డైనమో వెనక నుంచే తిరుగుతుంది. ఆల్టర్నేటరు పెడితే అది ఆగిపోతుంది. అది మీకు ముఖ్యమైతే వెనక ఆ కేబుల్‌కి చోటున్న 12 వోల్టుల డైనమో గానీ ఆల్టర్నేటరు గానీ ముందే వెతుక్కోండి, తర్వాత బాధపడి లాభం లేదు. డైనమోనే ఉంచి పోలారిటీ మారిస్తే దాన్ని కొత్త పోలారిటీకి మళ్లీ అలవాటు చేయాలి, కటౌట్ కూడా నెగటివ్ ఎర్త్‌దే కావాలి.

3. ఆల్టర్నేటరు బిగించండి. ఒక చదునైన పట్టీని ఫ్యాను పుల్లీ మీదా ఆల్టర్నేటరు పుల్లీ మీదా ఆనించి చూడండి, రెండూ ఒకే వరసలో ఉండాలి. రెండు మి.మీ. తేడా ఉన్నా వాషర్లు వేసి సరిచేయండి, లేకపోతే బెల్టు అంచు పీచు లేస్తుంది. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. అంతకంటే బిగిస్తే బేరింగు, వాటర్ పంపు బుష్షూ పోతాయి. రేకు మూసి ఆల్టర్నేటరు ఎక్కడా తగలడం లేదని చూడండి.

4. వైర్లు. ఆల్టర్నేటరు వెనక లావు బోల్టు బ్యాటరీది. దాని నుంచి 10 చదరపు మి.మీ. వైరు ఫ్యూజు మీదుగా ఆమ్మీటరు ఒక కొనకు. ఇగ్నిషన్ స్విచ్చికీ లైట్ల స్విచ్చికీ కరెంటు అదే కొన నుంచి. ఆమ్మీటరు రెండో కొన నుంచి సోలినాయిడ్ బ్యాటరీ బోల్టుకు. సెల్ఫ్ కరెంటు ఆమ్మీటరు గుండా పోకూడదు.

పక్కన రెండు చిన్న మొనలుంటాయి, బాడీ మీదే 1, 2 అని పోత పోసి ఉంటుంది. 2 నుంచి చిన్న వైరు అదే ఆల్టర్నేటరు లావు బోల్టుకు. 1 నుంచి వైరు డయోడు మీదుగా ఇగ్నిషన్ స్విచ్చి ఆన్ చేస్తే కరెంటు వచ్చే కొనకు. డయోడు మీద ఉన్న గీత ఆల్టర్నేటరు వైపు ఉండాలి. ఈ డయోడు మానేస్తే ఆల్టర్నేటరు నుంచి కరెంటు వెనక్కి వచ్చి కాయిల్‌ని నడిపిస్తుంది, తాళం తిప్పినా ఇంజను ఆగదు. డయోడు తిరగేసి పెడితే చార్జింగే మొదలు కాదు. డయోడు బదులు 12 వోల్టులు, 2 వాట్ల చిన్న బల్బు పెడితే ఇంజను ఆగడంతో పాటు చార్జింగు లైటు కూడా అయినట్టు.

5. ఆమ్మీటరు. ఎర్త్ మారితే కరెంటు దిశ మారుతుంది, కాబట్టి పాతదే వాడుతుంటే వైర్లు అటూ ఇటూ మార్చాలి. కొన్ని ఆమ్మీటర్లకు బోల్టులుండవు, వెనక కొంకి లాంటి లూపులోంచి వైరు దూరి పోతుంది. అలాంటప్పుడు వైరును లూపులోంచి తీసి రెండో వైపు నుంచి దూర్చండి. సరిగ్గా ఉందో లేదో ఇంజను ఆపి లైట్లు వేసి చూస్తే తెలుస్తుంది: ముల్లు మైనస్ వైపు పోవాలి.

6. కాయిల్. ఎక్కువ బళ్లు చెడేది ఇక్కడే. 6 వోల్టుల కాయిల్ మీద 12 వోల్టులు పెడితే బండి నడుస్తుంది, అందుకే మోసపోతారు. డిస్ట్రిబ్యూటరులో కాయిల్ కరెంటును కలిపి తెంచే పాయింట్ల మీద రెట్టింపు కరెంటు పోయి కొన్ని గంటల్లోనే వాటి ముఖాలు నల్లగా, గుంటపడి కనిపిస్తాయి. కాయిల్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కి లోపలి తారు కారుతుంది.

పక్క డిస్ట్రిబ్యూటరు బళ్లకు దారి సులువు. 3 ఓం గుండ్రటి 12 వోల్టుల కాయిల్ పెట్టండి, రెసిస్టరు అక్కర్లేదు. పాత 1.5 ఓం కాయిల్ ఉంచుకుంటే 1.5 ఓం పింగాణీ రెసిస్టరు దానికి ముందు కలపండి. తాళం వేసి (అంటే ఇగ్నిషన్ ఆన్ చేసి) పాయింట్లు మూసుకుని ఉన్నప్పుడు దాని మీద 25 వాట్ల పైన వేడి పుడుతుంది, అందుకని వైర్లకు, పెట్రోలు పైపుకు దూరంగా, ఇనుప రేకు మీదే బిగించాలి. వైర్లు కూడా మార్చాలి: పాజిటివ్ ఎర్త్‌లో కాయిల్ ప్లస్ డిస్ట్రిబ్యూటరుకు ఉండేది, ఇప్పుడు ప్లస్ ఇగ్నిషన్ స్విచ్చికి, మైనస్ డిస్ట్రిబ్యూటరుకు. ఇలా ఎందుకంటే ప్లగ్గు మధ్య కడ్డీ మైనస్‌గా ఉంటే స్పార్కు తక్కువ వోల్టేజీకే దూకుతుంది. తిరగేస్తే ఎండలో నడుస్తుంది, చలి పొద్దున మొరాయిస్తుంది.

ముందు డిస్ట్రిబ్యూటరు బళ్లకు డాష్ వెనక తీగ చుట్టిన పాత రెసిస్టరు ఉంటుంది. దీని గుణం విచిత్రం: చల్లగా ఉన్నప్పుడు 0.3 ఓం దగ్గర, వేడెక్కితే 1.5 ఓం పైన. స్టార్ట్ అయ్యేటప్పుడు కాయిల్‌కి నిండుగా ఇచ్చి, తర్వాత తగ్గించడానికి పెట్టిందే అది. దాన్ని తీసెయ్యకండి. నలుచదరపు 12 వోల్టుల కాయిల్‌ని దాని వెనకే కలపండి. 6 వోల్టుల కాయిలే ఉంచితే దానికి తోడు ఇంకో 1 ఓం రెసిస్టరు కలపాలి. ఈ కాయిల్‌కి ప్లస్ మైనస్ గుర్తులుండవు. పైమొనకు కరెంటు ఇవ్వడమే, కింద స్ప్రింగు డిస్ట్రిబ్యూటరును సరిగ్గా తాకుతోందో లేదో మాత్రం చూసుకోండి.

ఏ పద్ధతైనా చివరికి కొలిచే తీరాలి. పాయింట్లు మూసుకున్న చోట ఇంజను ఆపి, తాళం వేసి, కాయిల్ వైరులో మీటరును 10 ఆంపియర్ల మీద పెట్టి చూడండి. రెసిస్టరు వేడెక్కాక 3.5 నుంచి 4.5 ఆంపియర్ల మధ్య ఉండాలి. చూడగానే తాళం తీసేయండి (ఇగ్నిషన్ ఆపేయండి). ఇంజను ఆగి ఉన్నప్పుడు తాళం వేసి మరిచిపోతే ఏ వోల్టేజీలోనైనా కాయిల్ పోతుంది.

పాయింట్ల గ్యాపు మారదు: ముందు డిస్ట్రిబ్యూటరుకు 0.015 అంగుళం, పక్కదానికి 0.025. రెండూ కలగాపులగం చేయొద్దు.

7. సోలినాయిడ్. ఈ బండిలో గేరు కడ్డీ దగ్గరున్న సెల్ఫ్ బటను కరెంటు ఇవ్వదు, ఎర్త్ ఇస్తుంది. కాబట్టి చిన్న మొన ఎర్త్ అయితే పనిచేసే రకమే కావాలి. కార్లకు వాడే ఫోర్డ్ సోలినాయిడ్ చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది కానీ దాని చిన్న మొనకు ప్లస్ కావాలి. అది బిగిస్తే బటను నొక్కినా ఉలకదు పలకదు, మనం సెల్ఫ్ మోటారు పోయిందనుకుని విప్పుతాం. పాత 6 వోల్టుల సోలినాయిడ్ వదిలేస్తే దాని చుట్ట వేడెక్కి మాడుతుంది.

సెల్ఫ్ మోటారు మార్చక్కర్లేదు. ఫీల్డూ ఆర్మేచరూ రెండూ ఒకేసారి తిరగబడతాయి గనుక ప్లస్ మైనస్ మారినా అది తిరిగే వైపు మారదు. వేగం మాత్రం బాగా పెరిగి, పళ్లు ఫ్లైవీలును గట్టిగా కొడతాయి. ఒక్కసారికి అయిదారు సెకన్లకు మించి నొక్కొద్దు, ఇంజను అందుకోగానే వేలు తీసేయండి, ఫ్లైవీలు ఇంకా వెనక్కీ ముందుకీ ఊగుతుండగా మళ్లీ నొక్కొద్దు.

8. బల్బులన్నీ 12 వోల్టులవి పెట్టండి. ఈ బండిలో ఆయిలు గేజి కరెంటుది కాదు, పెట్రోలు గేజీయే లేదు, కాబట్టి గేజీల బెడద లేదు. లైట్ల పాత వైర్లు 6 వోల్టుల రోజుల్లో లావుగా వేసినవి. ఒళ్లు పగలకుండా ఉంటే అవే చాలు, ఇప్పుడు వాటిలో పోయేది సగం కరెంటే.

9. బ్యాటరీ పెట్టండి, ఈసారి మైనస్ బాడీకి. పాత ఎర్త్ పట్టీ క్లాంపు లావు ప్లస్ పోస్టుకు చేసింది, సన్నటి మైనస్ పోస్టు మీద వదులుగా తిరుగుతుంది. దాన్ని పక్కన పెట్టి కొత్తది వేయండి. వెంటనే బిగించకుండా, మైనస్ పోస్టుకీ ఎర్త్ కేబుల్‌కీ మధ్య ఒక 12 వోల్టులు, 21 వాట్ల బల్బు పట్టుకోండి. అన్ని స్విచ్చులూ ఆపి ఉన్నప్పుడు అది వెలగకూడదు. నిండుగా వెలిగితే ఎక్కడో షార్టు ఉంది. బల్బు ఉన్నంతసేపూ ఏ వైరూ కాలదు, తీరిగ్గా వెతుక్కోవచ్చు.

మొదటి స్టార్టు

తాళం వేసి, ఇంజను ఆపే ఉంచి, ఒక ఇనుప స్క్రూడ్రైవరు మొనను ఆల్టర్నేటరు వెనక బేరింగు దగ్గరికి తీసుకెళ్లండి. అది అయస్కాంతంలా లాక్కోవాలి. లాగకపోతే 1వ మొనకు కరెంటు రావడం లేదు. డయోడు దిశ, స్విచ్చి కొన చూడండి. చూసుకుని తాళం తీయండి.

స్టార్ట్ చేశాక బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి. 12.6 దగ్గరే ఆగితే చార్జింగు లేదు. 15 దాటితే వెంటనే ఆపండి, ఆల్టర్నేటరు లోపలి రెగ్యులేటరు చెడింది. ఆమ్మీటరు మొదట ప్లస్ వైపు బాగా పోయి, పావుగంటలో సున్నా దగ్గరికి రావాలి. తాళం తీయగానే ఇంజను ఆగాలి. అరగంట నడిపి కాయిల్, రెసిస్టరు వైర్ల కొనలు, ఫ్యూజు చేత్తో దగ్గరగా పట్టి చూడండి. రెసిస్టరు బాగా వేడెక్కుతుంది, అది మామూలే. కానీ లగ్గు వేడెక్కితే ఆ జాయింటు వదులు.

పది గంటలు నడిపాక బెల్టు మళ్లీ బిగించి, డిస్ట్రిబ్యూటరు మూత తీసి పాయింట్ల ముఖం చూడండి. బూడిద రంగులో చదునుగా ఉంటే కాయిల్ కరెంటు సరిగ్గా ఉంది.

ఆఖరుగా బ్యాటరీ తలుపు లోపలి వైపు చెరగని రంగుతో రాసి పెట్టండి: "12 వోల్టులు, నెగటివ్ ఎర్త్", కాయిల్ ఎన్ని ఓంలు, రెసిస్టరు ఎన్ని ఓంలు, మార్చిన తేదీ. తర్వాత ఈ బండి ఎవరి చేతికి వెళ్లినా ముందు తెరిచేది ఆ తలుపే.